చేప ఒడ్డుకొచ్చే వేళ

మాఘమాసం వెళ్ళిపోయే రోజుల్లో మంజీరలో కొర్రమట్ట ఒడ్డుకు వస్తుంది. చలికాలమంతా మడుగుల అడుగున బురద పట్టుకుని పడి ఉన్న చేప, ఎండ కాస్త ముదిరిందంటే బండల పక్కన మోకాటి లోతు నీళ్ళలోకి వచ్చి ఒళ్ళు కాచుకుంటుంది. తెల్లారగానే పోతే దొరకదు, నీళ్ళు ఇంకా చల్లగా ఉంటాయి. మధ్యాహ్నం దాటాక పోయినా దొరకదు, ఎండ ఎక్కువై మళ్ళీ లోతుకు దిగిపోతుంది. పొద్దు బారెడెక్కినప్పటి నుంచి నెత్తి మీదికి వచ్చేలోపు దాని వేళ. ఆ వేళకు ఒడ్డున లేనివాడు ఉత్త చేతులతో ఇంటికి రావలసిందే.

ఈ ఏడు నా భార్య చేతికి కూడా సరిగ్గా అదే వేళ వచ్చింది.

చలి గట్టిగా ఉన్న రోజుల్లో ఒక పొద్దున ఆమె పొయ్యి మీది చాయ్ గిన్నె దించబోయింది. గిన్నె కింద పడింది. నేను వాకిట్లో పళ్ళు తోముకుంటూ, "కండ్లు కనవడ్తలేవా?" అని అరిచాను. జవాబు రాలేదు. లోపలికి పోయి చూస్తే గోడకు ఒరిగి కూర్చుని ఉంది. మూతి ఒక పక్కకు పోయింది. కుడి చెయ్యి తనది కానట్టు ఒళ్ళో పడి ఉంది. ఆమెకు పక్షవాతం వస్తుంటే నేను అన్న మాట అది.

నిజామాబాద్ దవాఖానలో మాట తిరిగి వచ్చింది, మూతి సర్దుకుంది, కాలు ఈడ్చుకుంటూనైనా నడక వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. ఇంటికి పంపే రోజున కసరత్తు నేర్పే మేడమ్ నన్ను పక్కకు పిలిచింది.

"పెద్దాయనా, మందుల పని అయిపోయింది. చెయ్యి ఇక మీ పని. ఈ మొదటి నెలల్లో ఎంత తెచ్చుకుంటే అంత. ఆలస్యమైతే చాలా కష్టం. రోజూ పొద్దున వేడినీళ్ళతో స్నానం చేయించి, ఒళ్ళు వెచ్చగా ఉన్నప్పుడే చేయించాలి. మధ్యాహ్నానికి అలిసిపోతారు, చెయ్యి బిగుసుకుంటుంది."

ఏం చేయించాలో కూడా చూపించింది. వేళ్ళు ఒక్కొక్కటే తెరిచి మూయాలి. బల్ల మీద తువ్వాల పరిచి చేత్తో ముందుకు నెట్టించాలి. గిన్నెలోంచి చింతగింజలు ఒక్కొక్కటే ఎత్తి ఇంకో గిన్నెలో వేయించాలి. పక్కన ఒక మనిషి ఓపికగా కూర్చోవాలి. నేను తల ఊపాను. మోర్తాడ్‌లో ఇచ్చిన మా బిడ్డకు అది పసుపు తవ్వి ఉడకబెట్టే కాలం, వచ్చి ఉండే వీలు లేదు. కాబట్టి ఆ ఒక్క మనిషీ నేనే.

ఇక్కడ మా గాలం సంగతి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మాది బోధన్ దాటాక మంజీర దగ్గరి ఊరు. నేను చెరకు బండ్లు తోలాను, చెరకు నరికాను, ఫ్యాక్టరీలో పని చేశాను. ఆమె పుట్టిల్లు గంగ ఒడ్డు. మేం మంజీరను గంగ అనే అంటాం. వాళ్ళ ఇంట్లో ఎర గుచ్చకుండా చేపను పట్టే గాలం ఒకటి ఉండేది. కొక్కేనికి కోడిపుంజు మెడ ఈకలు చుట్టి, దారంతో బిగించి కడతారు. ఆ దారాన్ని పసుపులో, సున్నంలో నానబెట్టి మోదుగుపువ్వు రంగు తెస్తారు. ఆ ఈకను నీళ్ళ మీద మిడత వాలినట్టు వాల్చి మెల్లగా లాగితే కొర్రమట్ట దాన్ని ప్రాణం ఉన్నదని అనుకుని ఎగిరి పడుతుంది. ఆ పని ఆమె నాకు నేర్పింది. నేర్పింది అంటే విసరడం వరకే. కట్టడం నాకు రాలేదు. నా వేళ్ళు చెరకు కత్తికి అలవాటుపడ్డ వేళ్ళు. ఈకను పట్టుకుంటే నలిగిపోతుంది. పెళ్ళయినప్పటి నుంచి కట్టేది ఆమె, విసిరేది నేను.

అక్షరాలు కూడా ఆమె నేర్పినవే. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. నేను బడి గడప తొక్కలేదు. నలభై దాటాక నాకు పట్టుదల వచ్చింది. సాయంత్రం పని నుంచి రాగానే పలక ముందు కూర్చునేవాణ్ణి. 'అ' చుట్టూ తిరగడానికి నా చెయ్యి ఒప్పుకునేది కాదు. ఆమె వెనక కూర్చుని నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టి తిప్పేది. విసుగు అనేది ఆమె మొహంలో నేను చూడలేదు. ఒక్క సాయంత్రం కూడా నాకు పని ఉందని లేవలేదు. ఈ కాగితం మీద వంకరటింకరగా నడుస్తున్న అక్షరాలు నా చేతివి కావు, ఆమె చేతివి. ఆ చేతి కోసం నేను కూర్చోవలసి వచ్చినప్పుడు ఎట్లా కూర్చున్నానో వినండి.

"పట్టుకో."

"పట్టుకున్న."

"ఏడ పట్టుకున్నవ్? కిందవడ్డది."

"పడితె ఎత్తు. నడుము వంగదా నీకు?"

"గింత చెప్పినంక ఎద్దు గూడ ఇంటది."

"మరి గా ఎద్దునే చేస్కోకపోయినవ్? నేను మా అవ్వగారింట్ల సల్లగ ఉందు."

మొదట్లో నవ్వుకున్నాం. రోజులు గడిచేకొద్దీ నవ్వు తగ్గింది. గింజ పడిపోయినప్పుడల్లా నేను ఊపిరి గట్టిగా వదిలేవాణ్ణి. ఆ చప్పుడు వినగానే ఆమె చెయ్యి ఇంకా ముడుచుకునేది. కిటికీలోంచి ఎండ గదిలోకి జరిగేది. ఎండ గోడలోని దీపపు గూటి దాకా వచ్చిందంటే గంగలో కొర్రమట్ట ఒడ్డుకు చేరి ఉంటుందని నాకు తెలుసు. నా కళ్ళు గింజ మీద ఉండేవి కావు, గూటి మీద ఉండేవి.

ఒకరోజు ఆమె గిన్నెను ఎడమ చేత్తో పక్కకు నెట్టేసింది.

"పోరాదు గంగకు! నీ కాలు ఇంట్ల నిలుస్తలేదు. నా చెయ్యి యాడికన్న పోతదా? చేపనే పోతది."

ఆమే పొమ్మంది అని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కానీ ఆమె మాట పూర్తి కాకముందే నేను చూరులోని గాలపు వెదురు కట్టెను అందుకున్నాను. అది నాకు బాగా గుర్తుంది.

వెనకింటి గాజులామెను కూర్చోమని చెప్పి పోయాను. ఆమెది బోధన్‌లో ఎన్నో తరాలుగా గాజులమ్ముకునే ముస్లింల ఇల్లు. పెళ్ళై మా ఊరికి వచ్చింది. నా భార్యను అక్కా అంటుంది, నన్ను అన్నా అంటుంది. మొహం మీదనే మాట అంటుంది.

"పో అన్నా, పో. భార్యను నాకు అప్పజెప్పి చేపతోని కాపురం చెయ్."

ఆ రోజు గంగ ఎట్లా ఉందో చెప్పకపోతే అబద్ధమవుతుంది. నీళ్ళు తగ్గి, అడుగున ఇసుక గీతలు కనిపించేంత తేటగా ఉన్నాయి. అవతలి ఒడ్డున చెరకు నరికిన పొలాల్లో ఆకు కాలుతున్న వాసన. మోదుగుపూలు రాలి నీళ్ళ మీద కొట్టుకొస్తున్నాయి. నేను నడుము వంచి, నా నీడ నీళ్ళలో పడకుండా బండ వెనక నిలబడ్డాను. కట్టె వెనక్కి పోయింది, ముందుకు వచ్చింది, ఈక నీళ్ళ మీద వాలింది. అన్ని రోజుల తర్వాత నా చెయ్యి చెప్పిన మాట విన్నది. ఆ నిమిషంలో నాకు ఇల్లు లేదు, గిన్నె లేదు, గింజ లేదు. ఒళ్ళంతా తేలికైంది. చేప పడడం కాదు నాకు బాధ. ఆ తేలికతనమే బాధ. దవాఖాన నుంచి వచ్చాక మొదటిసారి కడుపు నిండా ఊపిరి పీల్చింది ఆమెకు దూరంగా నిలబడ్డప్పుడు.

ఒక కొర్రమట్టతో ఇంటికి వచ్చాను. ఆమె మొహం వెలిగింది. పులుసు పెట్టాను, ముళ్ళు తీసి పెట్టాను, ఎడమ చేత్తో తింది.

"చింతపండు ఎక్కువైంది. గంగల చేపకు పుల్లదనం గింతనే ఉండాలె."

"చెయ్యి వచ్చినంక నువ్వే వొండు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇద్దరం పళ్ళెం వైపు చూశాం.

ఆ తర్వాత నేను పోవడం అలవాటైంది. ఆమె పొమ్మనడం కూడా అలవాటైంది. కసరత్తు పొద్దుటి నుంచి సాయంత్రానికి జరిగింది. సాయంత్రం ఆమె చెయ్యి కర్రలాగ ఉండేది, నాకు ఎండలో తిరిగిన అలసట. రెండు గింజలు ఎత్తించి ఇక చాలు అనుకునేవాళ్ళం. మేడమ్ ఫోన్ చేసి అడిగేది.

"పొద్దున చేయిస్తున్నారా పెద్దాయనా?"

"చేయిస్తున్న మేడమ్."

పక్కనే కూర్చున్న ఆమె ఆ మాట వినేది. నేను ఫోన్ పెట్టేశాక ఏమీ అనేది కాదు. ఆ కసరత్తు అంటే ఆమెకూ కిట్టదు, అందుకే ఊరుకుంటుంది అనుకున్నాను. చెయ్యి పోతే పోయిందని ఆమె సమాధానపడిందనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు సులువుగా ఉండింది.

ఈక గాలాలు ఉండే డబ్బా ఒకటి ఉంది. ఆమె ఒంట్లో బాగున్నప్పుడు కట్టి నింపి పెట్టింది. గాలం అన్నాక బండల సందులో ఇరుక్కుంటుంది, తెగుతుంది, చేపే తీసుకుని పోతుంది. ప్రతి ఏడూ డబ్బా ఖాళీ అవుతుంటే ఆమె కడుతూ ఉండేది. ఈ ఏడు డబ్బా ఖాళీ అవుతూ వచ్చింది, కట్టేవాళ్ళు లేరు. నేను పొద్దున డబ్బా తీసి నడుములో పెట్టుకుంటుంటే లోపల చప్పుడు పలచబడడం ఆమె వింటూ ఉందని నాకు తోచలేదు.

ఒకరోజు నేను మంచి చేపతో వచ్చాను. మోచేతి కంటే పొడుగు. వాకిట్లోంచే కేక వేశాను. గాజులామె అప్పుడే తన ఇంట్లో అన్నం దించి వస్తానని పోయిందట. నా భార్య కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద ఈకలు, దారపు ఉండ. దారం కొస ఆమె పళ్ళ మధ్య ఉంది.

"ఏం చేస్తున్నవే?"

ఆమె దారం వదిలి నవ్వింది. "డబ్బ ఖాళీ అయితుంది గద. ఒక్కటన్న కడదామని. గీ కొక్కెం యాడనో వడ్డది, కనవడ్తలేదు. జెర సూడు."

నేను చూశాను. కొక్కెం కింద పడలేదు. ఆమె కుడి అరచేతిలో దిగి ఉంది. ముల్లు లోపలికంటా పోయి, దారం కట్టే మొదలు మాత్రమే బయటికి ఉంది. ఈకను అదిమిపెట్టడానికి ఎడమ చేత్తో ఆ చెయ్యిని బల్ల మీద నొక్కి ఉంచినట్టుంది. చీర మీద నెత్తురు కారి అప్పటికే ఆరుతోంది. ఆమె ఇంకా బల్ల కింద వెతుకుతోంది.

"కదలకు," అన్నాను. చేతిలోని చేపను వాకిట్లో పడేశాను.

ఆమె నా చూపు ఎక్కడుందో చూసి తన చెయ్యిని చూసుకుంది. ఎవరి చేతినో చూసినట్టు చూసింది.

గాలం ఒంట్లో దిగితే వెనక్కి లాగకూడదు, ముల్లు కండను చీరుతుంది. ముందుకు నెట్టి, కొస బయటికి వచ్చాక ముల్లును కత్తిరించి, అప్పుడు వెనక్కి తీయాలి. నా ఒంట్లోంచే ఎన్నోసార్లు తీసుకున్నాను. చేపల నోళ్ళలోంచి తీసిన వాటికి లెక్క లేదు. పట్టుకారు తెచ్చి ఆమె ముందు కూర్చున్నాను. గాజులామె వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"యా అల్లా! అన్నా, గిది చేపనా మనిషా?"

"చెయ్యి పట్టుకో చెల్లే, మాట్లాడకు."

"మాట్లాడ్త. రోజు అప్పజెప్పి పోతవ్, నేను కూసుంట. కూసునుడు నాకొస్తది, చెయ్యి తెరిపిచ్చుడు నాకొస్తదా? గా మేడమ్ నీకు చెప్పిందా నాకు చెప్పిందా?"

ఆమె నా భార్య మణికట్టు పట్టుకుంది. నేను కొక్కేన్ని ముందుకు నెట్టాను. చర్మం ఉబ్బి, తెగి, కొస బయటికి వచ్చింది. నాకు తెలియకుండానే మూలిగాను.

"నువ్వెందుకు మూలుగుతున్నవ్?" అంది నా భార్య. "నాకేం నొస్తలేదు."

ముల్లు కత్తిరించి కొక్కెం బయటికి తీశాను. గాజులామె గుడ్డ కట్టింది. అంతా అయిపోయాక, ఇక భయం లేదనుకున్నాక, నా భార్య ఏడ్చింది. పక్షవాతం వచ్చినప్పుడు ఏడవలేదు, దవాఖానలో ఏడవలేదు.

"నొస్తలేదు," అంది మళ్ళీ. "గంత లోపటికి దిగింది. నొయ్యాలె గదయ్యా."

అప్పుడు తెలిసింది నాకు. ఆమె ఏమాత్రం సమాధానపడలేదు. నేను లేని ప్రతి పొద్దునా ఆ చెయ్యి వైపు చూస్తూ కూర్చుంది. నా కళ్ళు గూటి మీద ఉన్నాయని చూసి, నాకు బరువు కాకూడదని పొమ్మంది. నేను పోయాను.

వాకిట్లో పడేసిన చేపను గాజులామె తీసుకుపోయింది. బోధన్ పోయి సూది మందు వేయించుకుని వచ్చాం. కట్టెను చూరులో పెట్టాను. మరునాడు పొద్దున నీళ్ళు కాచి, స్నానం చేయించి, గిన్నె ముందు పెట్టాను. గాయం ఉన్న చెయ్యి కాబట్టి తువ్వాల నెట్టించలేదు, వేళ్ళు మాత్రం ఒక్కొక్కటే తెరిచాను. ఆమె వెనక కూర్చుని, ఆమె చెయ్యి కింద నా చెయ్యి పెట్టాను. పలక ముందు నా వెనక ఆమె కూర్చున్నట్టే.

"ఇప్పుడొచ్చినవా?" అంది, వెనక్కి తిరగకుండా.

"ఒచ్చిన."

"చేపలు అయిపోయినయా గంగల?"

నేను ఇంకో వేలు తెరిచాను. 

గాయం మానింది. వేళ్ళు కొంచెం కొంచెం వంగసాగాయి. మొదట చిటికెన వేలు, తర్వాత దాని పక్కది. కొన్నాళ్ళకు నేను ఆమె అరచేతిలో వేలు పెట్టి గీస్తే, "చక్కిలిగింతలు పెట్టకు," అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె మళ్ళీ గీయమంది. మళ్ళీ గీశాను. పొద్దంతా అదే పని.

బొటనవేలు మాత్రం రాలేదు. చింతగింజ ఎత్తాలంటే బొటనవేలు కావాలి. ఈక పట్టాలన్నా అదే కావాలి. ఆమె గింజను చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించి ఎత్తడం నేర్చుకుంది. సగం పడిపోతాయి. సగం నిలుస్తాయి.

ఉగాది అయ్యాక నిజామాబాద్ పోయాం. మేడమ్ చెయ్యిని అటు తిప్పి ఇటు తిప్పి, "బాగా వచ్చిందమ్మా," అంది. "బొటనవేలు ఇంత ఆలస్యమైతే ఇక అంతగా రాకపోవచ్చు. ఉన్నదాన్ని వాడుకోండి." నన్ను చూసి మెచ్చుకోలుగా తల ఊపింది. "పెద్దాయన బాగా కష్టపడ్డారు."

ఆ మాటకు నా చెవులు కాలిపోయాయి. నేను ఒక మాట అడగాలనుకున్నాను. మొదటి రోజుల్లో పొద్దుటి పూటలు పోకుండా ఉంటే బొటనవేలు వచ్చేదా అని. ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి ఆ మాట నోట్లో పెట్టుకునే ఉన్నాను. "మేడమ్, ఒక్క మాట," అన్నాను. నా భార్య ఎడమ చేత్తో నా తొడ మీద గట్టిగా గిల్లింది.

"ఏం లేదు మేడమ్. ముసలోనికి ఆకలైతుంది, గదే."

బయట చెట్టు కింద ఆటో కోసం నిలబడ్డాం.

"ఎందుకు అడగనియ్యలే?"

"ఒచ్చేదని చెప్తె ఏం చేస్తవ్?"

నేను ఆటో వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాను.

"గంగకు పోవు. అన్నం తినవ్. మొహం గిట్ల వేలాడేస్కొని నా ముంగట కూసుంటవ్. నాకు చెయ్యి ఒచ్చేది లేదు, మీదికెళ్ళి నీ మొహం సూసుడా?" ఆటోను ఆపడానికి ఎడమ చెయ్యి పైకెత్తింది. "రాదనన్నా చెప్పదు గామె. తెల్వదని చెప్తది. గంతకే నువ్వు రోజు నన్ను అడుగుతవ్. వద్దు."

అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. కాబట్టి నాకు తెలియదు. తెలియకపోవడం నాకు శిక్షో, ఆమె నా మీద చూపిన దయో తేల్చుకోలేకపోతున్నాను.

నిన్న పొద్దున కూడా గిన్నె ముందు కూర్చున్నాం. ఎండలు ముదురుతున్నాయి, అయినా గంగలో ఇంకా నీళ్ళు ఉన్నాయి. కిటికీలోంచి ఎండ వచ్చి గోడ మీదికి పాకింది. గూటి దాకా వచ్చింది. నేను చూడకూడదనుకున్నాను.

ఆమె గింజను వేళ్ళ మధ్య ఇరికించి పట్టుకుని, చెయ్యి గాలిలోనే ఆపింది.

"పోవాలనుంది నీకు."

"లేదు."

"అబద్ధం."

"అబద్ధమే," అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వితే చెయ్యి కదిలి గింజ జారి బల్ల కిందికి దొర్లింది. నేను వంగి వెతికి తెచ్చి, తుడిచి, మళ్ళీ ఆ రెండు వేళ్ళ మధ్య పెట్టాను.